డ్రంకెన్ డ్రైవ్‌లో పదివేల ఫైనే అన్నిటికంటే చిన్న ఖర్చు

సంపాదకులకు,

కొత్త సంవత్సరం మర్నాడైనా, పెద్ద పండగ మర్నాడైనా పత్రికల్లో డ్రంకెన్ డ్రైవ్ వార్త ఒకే మూసలో వస్తుంది. రాత్రి ఎంతమంది దొరికారు, మీటరులో అందరికంటే ఎక్కువ ఎవరికి చూపించింది, కోర్టు ఎంత ఫైను వేసింది, ఎవరిని ఎన్ని రోజులు జైలుకు పంపింది. అంతటితో వార్త అయిపోతుంది. చదివినవాళ్లకు గుర్తుండేది పదివేలు అన్న అంకె ఒక్కటే. 'దొరికితే పదివేలు పోతాయి, అంతేగా' అని మందు పార్టీల్లో ధీమాగా అనుకోవడానికి ఆ వార్తలే ఆధారమవుతున్నాయి. మేము మోటారు ప్రమాద పరిహారం కేసులు చూసే న్యాయవాదులం. మా లెక్కలో ఆ పదివేలు అన్నిటికంటే చిన్న ఖర్చు. ఇల్లూ పొలమూ పోయేది ఫైనుతో కాదు, ఇన్సూరెన్సు పాలసీలో ఎవరూ చదవని ఒక షరతుతో. ఆ సంగతి పత్రికలో వివరంగా రావాలని ఈ ఉత్తరం.

ముందు 30 అనే అంకె గురించి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. నడపబోయినా నేరమే. బండి ఇంకా కదల్లేదు కదా అనే వాదన నిలబడదు. ఈ 30 ఎంత తక్కువో చాలామందికి అంచనా లేదు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో తాగితే రక్తంలో అది సుమారు 40 మిల్లీగ్రాములకు చేరుతుంది. అంటే ఒక్క లార్జ్‌తోనే గీత దాటినట్టు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి పూర్తిగా తాగితే 80 దాటుతుంది. 'బీరే కదా' అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. కల్లు తాగినా మీటరు పట్టుకునేది అదే ఆల్కహాల్‌ని.

తాగింది దిగడానికి పట్టే సమయం గురించి ఇంకా పెద్ద అపోహ ఉంది. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. కొందరిలో పది, కొందరిలో ఇరవై, అంతే తేడా. నిమ్మరసం, మజ్జిగ, బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం, వాంతి ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, తాగిన 70 కిలోల మనిషికి లెక్క ప్రకారం 125 దాకా వెళ్తుంది. 55 కిలోల మనిషికైతే 160 దాటుతుంది. రాత్రి పన్నెండింటికి ఆపిన 70 కిలోల మనిషి మళ్లీ 30కి దిగేసరికి తెల్లవారి ఆరున్నర అవుతుంది. 55 కిలోల మనిషికి దాదాపు తొమ్మిది అవుతుంది. పొద్దున లేచి, స్నానం చేసి, పిల్లల్ని స్కూల్లో దింపడానికి బండి తీసిన మనిషి తను తాగి నడుపుతున్నానని అనుకోడు. చట్టం లెక్కలో మాత్రం తాగి నడుపుతున్నట్టే. స్కూలు బస్సులూ లారీలూ నడిపేవాళ్లు అర్ధరాత్రి దాకా క్వార్టర్ వేసుకుని పొద్దున ఐదింటికి డ్యూటీ ఎక్కడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ఇక రోడ్డు మీద సంగతి. యూనిఫాంలో ఉన్న పోలీసుకు అనుమానం వస్తే శ్వాస పరీక్ష అడిగే అధికారం 203వ సెక్షన్ ఇచ్చింది. ఊదే గొట్టం కొత్తది పెట్టమని అడగడం మీ హక్కు. ఊదకముందు మీటరులో సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ఊదేటప్పుడు నాలుగైదు సెకన్లు ఆగకుండా, శబ్దం వచ్చేదాకా ఊదాలి. సగంలో ఆపి, పెదాల పక్కనుంచి గాలి వదిలి తప్పించుకోవాలని చూస్తే మళ్లీ మళ్లీ ఊదిస్తారు, ఆ తంతు అంతా కెమెరాలోకి ఎక్కుతుంది. నోట్లో మౌత్‌వాషో, ఆల్కహాల్ కలిసిన మందో అప్పుడే వేసుకుని ఉంటే ఆ మాట అక్కడే చెప్పి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి రెండోసారి ఊదుతానని అడగండి. నోట్లో మిగిలిన ఆల్కహాల్ ఆ కాసేపట్లో పోతుంది, రక్తంలో ఉన్నది పోదు. అందుకే రెండో రీడింగుకు విలువ ఎక్కువ. చీటీ మీద తేదీ, సమయం, అంకె సరిగ్గా ఉన్నాయో లేదో చదివాకే సంతకం చేయండి.

ఊదనని మొండికేస్తే కేసు పోతుందని ఒక నమ్మకం ఉంది. నిజానికి అలా చేస్తే కేసు బలపడుతుంది. సరైన కారణం లేకుండా శ్వాస గానీ రక్తం గానీ ఇవ్వకపోతే ఆ నిరాకరణను పోలీసుల సాక్ష్యాన్ని బలపరిచే అంశంగా తీసుకోవచ్చని 205వ సెక్షన్ చెబుతోంది. వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం 202 ఇచ్చింది. అదే సెక్షన్‌లో పట్టుబడినవాడికి ఒక రక్షణ కూడా ఉంది: అరెస్టు చేసిన రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవకూడదు. నమూనాను సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలో వేసి సీలు చేయాలి. స్పిరిట్‌తో తుడిచినా, మామూలు సీసాలో వేసి రోజుల తరబడి ఉంచినా అంకె మారిపోవచ్చు. అమాయకుడు ఇరుక్కోవడానికీ నిజంగా తాగినవాడు తప్పించుకోవడానికీ ఈ ఒక్క పొరపాటు చాలు. ఆసుపత్రి క్యాజువాలిటీల్లో పనిచేసే సిబ్బంది దీన్ని పట్టించుకోవాలని ప్రత్యేకంగా కోరుతున్నాం.

అక్కడికక్కడే డబ్బు కట్టి ముగించుకోగల నేరాల జాబితాలో (కాంపౌండింగ్) 185వ సెక్షన్ లేదు. హెల్మెట్ చలానాలాగా ఫోన్లో కట్టేసి పోవడం కుదరదు, కోర్టుకు వెళ్లాల్సిందే. రోడ్డు మీద ఎవరైనా డబ్బు తీసుకుని పంపించేస్తే అది ఫైను కాదు, లంచం. బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టంగా చెప్పింది: నడిపినవాడు తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేయకూడదు. పక్కన తాగని మనిషి ఉండి, లైసెన్సు ఉంటే అతనికి ఇవ్వాలి. ఎవరూ లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించుకోనివ్వాలి. ఎవరూ రాకపోతే స్టేషన్లో భద్రంగా ఉంచి, తర్వాత ఆర్‌సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపిస్తే తిరిగి ఇవ్వాలి. వచ్చే మనిషి లైసెన్సు తప్పకుండా వెంట తెచ్చుకోవాలి. కంగారులో లైసెన్సు లేని తమ్ముడిని పంపిస్తే మీ మీద ఇంకో కేసు తయారవుతుంది.

తర్వాత కోర్టు. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేలు, లేదా రెండూ. రెండోసారి నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేనువేలు, లేదా రెండూ. 2019 సెప్టెంబరు నుంచి ఈ మొత్తాలు అమల్లో ఉన్నాయి. హైదరాబాదులో కోర్టుకు ముందు గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో కౌన్సెలింగు ఉంటుంది. భార్యనో తల్లిదండ్రులనో వెంట తీసుకురమ్మంటారు. విశాఖలో బీచ్ శుభ్రం చేయించిన సందర్భమూ ఉంది. పిలిచిన రోజు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు జారీ అవుతుంది. అప్పుడు చిన్న కేసు కాస్తా ఇంటికి పోలీసులు వచ్చే కేసవుతుంది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. 'నేరం ఒప్పుకో, ఫైను కట్టు, పది నిమిషాల్లో అయిపోతుంది' అని కోర్టు వరండాలో సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఒప్పుకుని ఫైను కట్టడమంటే శిక్ష పడినట్టే రికార్డవుతుంది. దాని ఫలితం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, మళ్లీ దొరికి శిక్ష పడితే లైసెన్సును రద్దు చేసి తీరాలని 22వ సెక్షన్ కోర్టును ఆదేశిస్తోంది. రెండు, ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో 'ఎప్పుడైనా కోర్టు జరిమానా విధించిందా' అని అడుగుతారు. డిగ్రీ చదివే రోజుల్లో కట్టిన ఫైనును మరిచిపోయి 'లేదు' అని రాస్తే, అసలు నేరం కంటే దాచడమే పెద్ద తప్పయి కూర్చుంటుంది. ఉన్నదున్నట్టు రాసినవాళ్లకు అధికారులు పరిశీలించి అవకాశం ఇవ్వవచ్చు, దాచినవాళ్లకు ఉద్యోగంలో చేరాక కూడా ముప్పే.

లైసెన్సు విషయంలో కోర్టుతో సంబంధం లేకుండా రవాణా శాఖ దారి వేరే ఉంది. పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకుని ఆర్టీఏకు పంపుతారు. సంజాయిషీ విన్నాక మొదటిసారికి మూడు నెలలు అనర్హత, మళ్లీ చేస్తే రద్దు. మూడు నెలలు గడిచినా రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాల్సి ఉంటుంది. ఆ మూడు నెలల్లో 'ఊళ్లోనే కదా' అని బండి తీస్తే 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేలు, లేదా రెండూ. అంతకంటే పెద్ద ప్రమాదం, అనర్హత కాలంలో నడుపుతూ ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీకి మద్యంతో పాటు రెండో సాకు దొరుకుతుంది. ఆటో, క్యాబ్, లారీ నడిపి బతికేవాడికి మూడు నెలలు స్టీరింగు పట్టకూడదంటే ఆ మూడు నెలల కిస్తీలు ఎవరు కడతారో ముందే లెక్క వేసుకోవాలి.

ఇంతవరకు ఎవరికీ దెబ్బ తగలని కేసు. ప్రమాదం జరిగితే లెక్క మొత్తం మారిపోతుంది.

సొంత బండి దెబ్బతింటే ఏమవుతుందో చూద్దాం. ఫుల్ ఇన్సూరెన్సు ఉంది కదా అన్నది అందరి ధైర్యం. అలా అందరూ పిలిచే ప్యాకేజీ పాలసీలో సొంత నష్టం భాగంలోనే ఒక మినహాయింపు ఉంటుంది: యజమాని గానీ, అతని అనుమతితో నడిపిన మరొకరు గానీ మద్యం లేదా మత్తు ప్రభావంలో ఉండగా జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదు. మీటరు ఊదలేదు, రక్తం తీయలేదు, కాబట్టి కంపెనీ నిరూపించలేదు అనే వాదన ఒకప్పుడు నడిచేది. 2007 డిసెంబరులో దిల్లీలో ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు పాదచారుల బాటను ఢీకొట్టి తగలబడింది. ఆ క్లెయిం మీద 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, శ్వాస పరీక్షో రక్త పరీక్షో లేనంత మాత్రాన కంపెనీ ఓడిపోదని, మద్యం ప్రభావాన్ని ఇతర పరిస్థితుల నుంచి కూడా నిరూపించవచ్చని చెప్పింది. ఆసుపత్రి కాగితంలో మద్యం వాసన ప్రస్తావన, ప్రమాదం జరిగిన తీరు ఆ కేసులో కీలకమయ్యాయి.

కాబట్టి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఎంఎల్‌సీలో, అంటే పోలీసు కేసుల కోసం ఆసుపత్రి నమోదు చేసే కాగితంలో, రాసే ఒక్క వాక్యం లక్షల విలువ చేస్తుంది. కంపెనీ పంపే ఇన్వెస్టిగేటరు మొదట అడిగే కాగితమే అది. తర్వాత ఎఫ్ఐఆర్, చార్జిషీటులో 185 ఉందా లేదా, ఫోరెన్సిక్ రిపోర్టు. చనిపోతే పోస్టుమార్టం. 'ఆ వాక్యం రాయకండి సార్' అని డాక్టరు మీద ఒత్తిడి తేవడం నేరానికి నేరం కలపడమే. తాగని తమ్ముడు నడిపాడని క్లెయిం ఫారంలో రాయడమూ అంతే. టోల్‌గేట్, పెట్రోలు బంకు, చౌరస్తా కెమెరాల్లో ఎవరు స్టీరింగు దగ్గర ఉన్నారో దొరుకుతుంది. ఫోన్లు ఎక్కడున్నాయో దొరుకుతుంది. క్లెయిం పోయాక మోసం కేసు మిగులుతుంది. కారు తుక్కయినా బ్యాంకు కిస్తీ ఆగదు. లేని కారుకు ఐదేళ్లు కట్టడమో, కట్టలేక సిబిల్ స్కోరు పోగొట్టుకోవడమో ఏదో ఒకటి తప్పదు.

నడిపినవాడే చనిపోతే బండి ఇన్సూరెన్సు నుంచి ఆ ఇంటికి ఏమీ రాదు. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది గానీ రాయాలి. యజమాని-డ్రైవరుకు తప్పనిసరిగా కట్టించుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాలో కూడా మద్యం మినహాయింపు ఉంది. తన తప్పుతో తానే చనిపోయినప్పుడు ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్లో పరిహారం అడగడానికి ఎదురుగా బాధ్యుడు ఎవరూ ఉండరు. అద్దె ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి రాత్రి పదకొండింటికి బండి స్టార్టు చేస్తున్నప్పుడు ఆ 15 లక్షలు కూడా అక్కడే వదిలేసి వెళ్తున్నాడు.

అసలు పెద్ద దెబ్బ ఇంకోటి. ఎదుటివాడు చనిపోతే పరిహారం ఎంత అవుతుందో ఒక ఉదాహరణ వేస్తాం. 2009 సరళా వర్మ, 2017 ప్రణయ్ సేఠీ తీర్పుల్లో సుప్రీంకోర్టు పెట్టిన పద్ధతి ఇది. చనిపోయిన మనిషికి 32 ఏళ్లు, పర్మినెంటు కాని ప్రైవేటు ఉద్యోగం, నెలకు 30 వేలు, భార్య, ఇద్దరు పిల్లలు అనుకుందాం. ఏడాదికి 3,60,000. నలభై ఏళ్లలోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 5,04,000. ఆధారపడినవాళ్లు ముగ్గురు కాబట్టి సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తే 3,36,000. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16. మొత్తం 53,76,000 రూపాయలు. దీనికి భార్యాపిల్లలకు సాహచర్యం కోల్పోయినందుకు, అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి ఇచ్చే మొత్తాలు లక్షకు పైగానే కలుస్తాయి. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ అదనం. జీతం లక్ష ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చనిపోతే ఎంతవుతుందో మీరే వేసుకోండి.

'థర్డ్ పార్టీ (ఎదుటివాడి నష్టానికి ఇన్సూరెన్సు) ఉంది, కంపెనీ కడుతుంది' అనేది రెండో ధైర్యం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 150వ సెక్షన్‌లో, 185 కింద చెప్పినట్టు మద్యం లేదా మత్తులో నడపడం కూడా కంపెనీ వాదించుకోగల కారణాల్లో చేరింది. కంపెనీలు దాన్ని ఇప్పుడు వదలకుండా లేవనెత్తుతున్నాయి. చనిపోయినవాళ్ల కుటుంబం నష్టపోకూడదు కనుక కోర్టులు సాధారణంగా ముందు కంపెనీ చేత కట్టించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర, డ్రైవరు దగ్గర రాబట్టుకోమని ఉత్తర్వులిస్తాయి. దీన్నే మా వాడుకలో 'పే అండ్ రికవర్' అంటాం. 2023లో కేరళ హైకోర్టు తాగి నడిపిన కేసులో ఇదే చెప్పింది. బాధితులకు అది న్యాయం. బండి యజమానికి మాత్రం అంతవరకు బాధితుల కుటుంబంతో ఉన్న అప్పు ఇన్సూరెన్సు కంపెనీకి మారిందంతే. కంపెనీకి జాలి ఉండదు, ప్రతి జిల్లాలో లాయర్లుంటారు. ఉత్తర్వు చేతికి రాగానే దాన్ని అమలు చేయించమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేస్తుంది. 174వ సెక్షన్ కింద ట్రైబ్యునల్ సర్టిఫికెట్ ఇస్తే కలెక్టరు ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. అంటే జప్తు, వేలం. యాభై లక్షల ఉత్తర్వు ముందు రెండెకరాల పొలం, ఊళ్లో పెంకుటిల్లు ఎంతసేపు నిలబడతాయి?

ఆ ఉత్తర్వు ఎవరి పేరు మీద వస్తుందో చాలా ఇళ్లలో ఆలోచించరు. ఆర్‌సీ మీద ఎవరి పేరు ఉంటే వాళ్ల పేరు మీద. కొడుకు తాగి నడిపాడు, బండి నాన్న పేరున ఉంది. బాకీదారు నాన్న కూడా. స్నేహితుడికి తాళం ఇచ్చారు, అతను తాగి ఉన్నాడని తెలిసీ ఇచ్చారు. పరిహారం బాధ్యత సరే, నేరానికి సహకరించినందుకు 188వ సెక్షన్ కింద అదే శిక్ష మీకూ పడుతుంది. వెనక సీట్లో కూర్చుని 'పోనీరా, ఏం కాదు' అన్నవాళ్ల మీద కూడా ఈ సెక్షన్ కింద కేసులు పెడుతున్నారు.

ఇంకో గొయ్యి ఉంది, అందులో ఏ పాపం ఎరుగనివాళ్లు పడుతున్నారు. పాత బండిని ఇరవై వేలకో ముప్పై వేలకో అమ్మేస్తారు. తెల్ల కాగితం మీద రాయించుకుంటారు, ఆర్‌సీ మార్చరు. కొన్నవాడు ఇంకొకరికి అమ్ముతాడు. మూడో మనిషి తాగి ఎవరినో గుద్దుతాడు. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది: రిజిస్టరులో పేరు ఎవరిదో వాళ్లే యజమాని, చేతులు ఎన్ని మారినా పరిహారం బాధ్యత వాళ్లదే. అప్పటికి పాలసీ కూడా రెన్యూవల్ కాకపోతే ముందు కట్టే కంపెనీ కూడా ఉండదు, మొత్తం నేరుగా మీ మీదే. అందుకే బండి అమ్మిన రోజే ఫారం 29, ఫారం 30 నింపి, ఆర్టీఏ వెబ్‌సైటులో బదిలీ పెట్టి, పేరు మారిందని చూసుకునేదాకా తాళం ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ ఉత్తరం చదివిన వెంటనే రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి ఇప్పుడు ఎవరి పేరున ఉందో చూడండి. అమ్మినట్టు 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలపాల్సిన బాధ్యత అమ్మినవాళ్లదే.

క్రిమినల్ వైపు కొద్ది మాటల్లో. మామూలు నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా శిక్ష, బెయిలు దొరికే నేరం. తాగి నడిపితే ప్రాణం పోతుందని తెలిసీ నడిపాడని పోలీసులు 105వ సెక్షన్ పెట్టగలరు. హత్య కాని నరహత్య అది. పదేళ్ల దాకా శిక్ష, నాన్‌బెయిలబుల్, సెషన్స్ కోర్టు. 2006లో ముంబయి బాంద్రా కార్టర్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలు తాగి నడిపిన కారు కింద చనిపోయారు. ఆ కేసులో ఇదే తరహా పాత సెక్షన్ కింద పడిన మూడేళ్ల శిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. గుద్దాక భయంతో పారిపోతే 134, 187 సెక్షన్ల కేసు అదనంగా వస్తుంది. ఆగి 108కి ఫోన్ చేసినవాడి స్థితి కోర్టులో ఎప్పుడూ మెరుగే. పైగా అక్కడ పడి ఉన్న మనిషి బతకవచ్చు, అది అన్నిటికంటే ముఖ్యం.

'నాది బైకే, దానితో ఎవరికి ఏమవుతుంది' అనేవాళ్లకు 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది చాలు. తాగి నడిపిన బైకు జారి, నడిపినవాడు చనిపోయి, రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి హైదరాబాదు-బెంగళూరు ప్రైవేటు బస్సు ఎక్కింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు బస్సులోనే కాలిపోయారు. ఆ దుర్ఘటనకు బస్సు వైపు కారణాలు వేరే ఉన్నాయి, వాటికి బాధ్యులు వేరే ఉన్నారు. కానీ మొదలైంది బైకు దగ్గర.

పిల్లలు అమెరికాలో, కెనడాలో చదువుతున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 80 మిల్లీగ్రాములు, యూటాలో 50. మనకంటే ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ తాగి నడిపి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే కాన్సులేటు వీసాను రద్దు చేయగలదు. స్టూడెంట్ వీసాకైనా హెచ్1బీకైనా అంతే. దేశంలో ఉన్నంతవరకు తెలియకపోవచ్చు. పెళ్లికో పండక్కో ఇంటికి వచ్చాక తిరిగి వెళ్లడానికి మళ్లీ వీసా తీసుకోవాలి, డాక్టరు పరీక్షకు పంపుతారు. కెనడాలో 2018 డిసెంబరు 18 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్లయింది. దాంతో ఇది ఇమిగ్రేషన్ చట్టంలో తీవ్ర నేరాల కిందికి వచ్చి, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లకు కూడా దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితి తేవచ్చు. అక్కడ నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడమని మీ పిల్లలకు చెప్పండి. ట్రాఫిక్ కేసులు చూసే లాయరుకు వీసా సంగతి తట్టకపోవచ్చు.

సంపాదకులకు మా విన్నపం చిన్నది. డ్రంకెన్ డ్రైవ్ వార్త వేసిన ప్రతిసారీ పక్కన రెండు వాక్యాలు వేయండి: తాగి నడిపి ప్రమాదం చేస్తే సొంత బండికీ సొంత ప్రాణానికీ మోటారు ఇన్సూరెన్సు రాదు, ఎదుటివాడికి ఇచ్చిన పరిహారాన్ని ఆర్‌సీలో పేరున్న మనిషి ఆస్తి నుంచి వసూలు చేస్తారు. ప్రమాద మరణాల వార్తల్లో పాలసీ ఉందా, ఆర్‌సీ ఎవరి పేరున ఉందో కూడా విలేకరులు అడిగి రాయాలి. పాఠకులకు అసలు ఖర్చు అక్కడే అర్థమవుతుంది.

ఇన్సూరెన్సు కంపెనీలకు ఇంకో విన్నపం. మద్యం మినహాయింపు ఇప్పుడు పాలసీ షరతుల పుస్తకంలో, ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో ఉంటోంది. చాలామందికి ఆ పుస్తకం చేతికే రాదు, ఫోన్లో సర్టిఫికెట్ పేజీ ఒక్కటే వస్తుంది. ఆ పేజీలోనే, బండి నంబరు కింద, పేరు రాసినంత పెద్ద అక్షరాల్లో ఆ షరతును తెలుగులో అచ్చు వేయండి. బండి కొన్నరోజు షోరూం కౌంటరులో ఆ పేజీ ఇచ్చే కుర్రాడు దాన్ని ఒకసారి చదివి వినిపించాలి.

ఇట్లు,
మోటారు ప్రమాద పరిహారం కేసులు చూసే న్యాయవాదులు,
హనుమకొండ